కల్లంలో ఆరబెట్టిన బైనాక్యులర్స్

ఊరి పడమటి బీడులో ఎవరో పిల్ల నల్లగొట్టాలు కళ్ళకు పెట్టుకుని మన పొలాలు కొలుస్తోందని కోటిరత్నం పిన్ని చెప్పిందట. పాలకేంద్రం దగ్గర ఆమె అన్నది అంతే. ఆ మాట టీకొట్టుకు చేరేసరికి పిల్ల కాస్తా హైవే సర్వేయరు అయింది. టీకొట్టు నుంచి బాబ్జీ దాన్ని మిరపచేలోకి మోసుకొచ్చేసరికి బైపాస్ రోడ్డు సరిగ్గా వీరబాబు బోరు మీద నుంచే పోతోంది.

"ఒరేయ్ వీరబాబూ, నీ బోరు పోయిందిరా!"

"మోటారు కాలిందా?"

"మోటారు కాదురా, బోరే! దాని మీద రోడ్డేస్తున్నారు. కొలిచే పిల్ల బీడులో కూర్చునుంది, పోయి చూసుకో."

వీరబాబు డిగ్రీ చదివి, కొన్నాళ్ళు ఎరువుల కంపెనీలో తిరిగి, ఆ తిరుగుడు నచ్చక వినుకొండ కొండకింద ఉన్న సొంత పొలానికే వచ్చేసినవాడు. ఆ పొలానికి ప్రాణం ఆ బోరే. వీపున స్ప్రేయరు ఉందన్న సంగతి కూడా మరిచి బీడుకేసి నడిచాడు.

తుమ్మచెట్టు నీడలో, గట్టు మీద, టోపీ పెట్టుకున్న అమ్మాయి. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, బైనాక్యులర్స్‌లోంచి చూస్తోంది.

"ఏమండీ! ఎవరు పంపించారు మిమ్మల్ని?"

"ష్! కూర్చోండి."

అంత గట్టిగా చెబితే వీరబాబు కూర్చున్నాడు. కూర్చున్నాక, తన ఊరి బీడులో తననే కూర్చోమనడానికి ఈవిడెవరని గుర్తొచ్చింది.

"ఎందుకు కూర్చోవాలి?"

"లేస్తే ఎగిరిపోతుంది."

"ఏంటి ఎగిరిపోయేది?"

"పిల్లిగద్ద. మగది. అదిగో, బూడిదరంగు రెక్కలు. ఎక్కడో మంచుదేశాల నుంచి చలికాలానికి మీ బీడుకొచ్చింది. మీ చేలో మిడతల్ని తిని పెడుతోంది, తెలుసా?"

"అంటే మీరు రోడ్డు కొలవట్లేదా?"

"రోడ్డా? ఏ రోడ్డు?"

గుండెల మీద బరువు దిగిన సంతోషంలో వీరబాబు గభాలున లేచాడు. లేవడంలో చేతిలో ఉన్న స్ప్రేయరు మీట నొక్కుకుపోయింది. తుంపర తిన్నగా అమ్మాయి మొహం మీద, చేతిలోని బైనాక్యులర్స్ మీద.

"అయ్యో! మందా ఇది?"

"కాదండీ, ఒట్టి నీళ్ళే! ట్యాంకు కడుగుదామని పోశా. ఒట్టు!"

ఆమె చున్నీతో తుడిచి మళ్ళీ కళ్ళకు పెట్టుకుంది. మొహం వాడిపోయింది. "లోపలికి పోయాయి నీళ్ళు. అంతా పొగమంచులా ఉంది."

ఆమె పేరు సౌజన్య. చీరాలలో చేనేత వాళ్ళ అమ్మాయి. వినుకొండలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతోంది, అదీ గెస్టు లెక్చరరుగా. ఆ బైనాక్యులర్స్ కాలేజీవి. ఉన్నది ఆ ఒక్క జతే. వచ్చే ఆదివారం పిల్లల్ని కొండ మీదకు తీసుకెళ్ళి పిట్టల్ని చూపించాలి. ప్రిన్సిపాల్ జోసఫ్ గారు కూడా వస్తున్నారు.

"ఆయనకి నచ్చితే వచ్చే ఏడాది కూడా నేనుంటాను. నచ్చకపోతే చీరాల బస్సెక్కుతాను. అంతేనండీ సంగతి," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే వీరబాబుకు ఎక్కువ బాధనిపించింది.

"నాకివ్వండి. రేపటికి ఆరబెట్టిస్తా."

"మీకు ఆరబెట్టడం వచ్చా?"

"మేం ఆరబెట్టేది టన్నుల్లో అండీ!"

మర్నాడు సాయంత్రం సౌజన్య కల్లం దగ్గరికి వచ్చింది. ఊరి చివర నేలంతా మిరపకాయలు పరిచి ఉన్నాయి, ఎర్రటి జంపఖానా పరిచినట్టు. వీరబాబు ఆ ఎరుపు మధ్యలోంచి బైనాక్యులర్స్ తీసి, భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"చూడండి, చుక్క తడి లేదు! మంచి ఎండ తగిలే చోటు చూసి పెట్టా."

ఆ పాతవాటితో ఒక ఇబ్బంది ఉంది. కళ్ళజోడు తీస్తే తప్ప సరిగ్గా కనపడదు. సౌజన్య కళ్ళజోడు తీసి, రబ్బరు అంచులు రెండు కళ్ళకూ గట్టిగా ఆనించింది.

ఆ కేక విని కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

"కారం! కారం! అమ్మో నా కళ్ళు!"

వీరబాబు తల్లి రాజేశ్వరి కుండ నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. పిల్ల తల పట్టి వంచి, ఆ కళ్ళ మీద దోసిళ్ళతో నీళ్ళు కొట్టింది, మళ్ళీ మళ్ళీ కొట్టింది. కొడుతూనే కొడుకును తిట్టింది.

"కళ్ళకు పెట్టుకునే వస్తువుని కారంలో ఆరబెట్టావేంట్రా! పైగా ఆ తువ్వాలుతో తుడిచావా? నీ డిగ్రీ సంగతి బయట ఎవరికీ చెప్పమాకరా!"

సౌజన్య భుజాలు కదులుతున్నాయి. వీరబాబు దగ్గరికి వెళ్ళి భయంగా అడిగాడు. "ఏడుస్తున్నారా?"

"నాకే తెలియట్లేదండీ," అంది సౌజన్య. కళ్ళెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వు మాత్రం ఆగట్లేదు.

మంట తగ్గాక మళ్ళీ చూసింది. ఎండకు లోపల అద్దం కదిలినట్టుంది. చెట్టు మీద ఉన్న ఒక్క కాకి రెండుగా కనపడుతోంది.

"లెక్కలో పక్షులు పెరుగుతాయి, మంచిదేగా," అన్నాడు వీరబాబు.

"నోర్ముయ్," అంది రాజేశ్వరి. "అమ్మాయ్, నువ్వు ఇంటికి రా, చల్లగా మజ్జిగన్నం తిందువుగానీ. ఒరేయ్, రేపు ఈ పిల్లతో గుంటూరెళ్ళి కొత్తవి కొనియ్యి."

"సగం నేను వేసుకుంటానండీ," అంది సౌజన్య. "అసలు తడిస్తే పాడయ్యేవాటిని పొలంలోకి తీసుకురావడం నా తప్పు."

గుంటూరు బ్రాడీపేటలో సుభానీ గారి కెమెరాల కొట్టు. ఆయన ముందుగా మెరిసే పెద్ద జత ఒకటి బల్ల మీద పెట్టారు.

"ఇరవై రెట్లు దగ్గరగా చూపిస్తుందమ్మా. ఇక్కడ నిలబడి కొండవీడు చూడొచ్చు."

"ఇరవై వద్దండీ," అంది సౌజన్య. "రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణికినా పిట్ట వణికినట్టుంటుంది. ఎనిమిది చాలు. ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లుండాలి. పొద్దువాలేటప్పుడు కూడా వెలుగు బాగా వస్తుంది. కళ్ళజోడు పెట్టుకునే చూడగలగాలి, అందుకని కంటి దగ్గర రబ్బరు తిప్పితే కిందకి దిగాలి. మెడలో వేసుకుని కొండెక్కాలి, కాబట్టి బరువుండకూడదు. ఇవన్నీ ఉండి, మేం కొనగలిగేది కావాలి."

"చెయ్యి వణుకుతుందా?" అడిగాడు వీరబాబు.

"ఎవరికైనా వణుకుతుంది."

"అయితే సరే. నా ఒక్కడికే అనుకున్నా."

సౌజన్య కళ్ళజోడు సర్దుకుంటూ పక్కకి తిరిగింది.

సుభానీ గారు అద్దాల బీరువాలోంచి ఎనిమిది నలభై రెండు తీశారు. వీరబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. మిర్చి యార్డులో బస్తా మూతి విప్పి పైకాయ చూసి బేరమాడేవాడు ఎవడూ ఉండడు. మోచేతి దాకా లోపలికి దూర్చి నడిమి కాయ తీస్తాడు.

"ఇది పైకాయండీ. ఆ డబ్బాల దొంతర్లో మధ్యది తియ్యండి."

"పైకాయేంటయ్యా?"

"మీరు తియ్యండి, చెబుతా."

దొంతర దించక తప్పలేదు. వీరబాబు ఒక్కొక్కటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఒకదానిలో ఏదో మోగింది. "మిరపకాయైతే గింజ మోగాలి, ఎండిందని గుర్తు. ఇది మోగకూడదేమో కదండీ?" అని సౌజన్య వైపు చూశాడు. ఆమె తీసుకుని ఊపి చూసి, ఔనన్నట్టు తలూపి, పక్కన పెట్టేసింది.

"ఇది తడిస్తే ఏమవుతుంది?" రెండోది చూపిస్తూ అడిగాడు.

"వాటర్ రెసిస్టెంట్. చినుకులకి పర్లేదు."

"ముంచితే?"

"పిట్టల్ని చూసేదాన్ని ముంచడమెందుకయ్యా?"

"ఆవిడ పక్కన నేనుంటానండీ. ఏ క్షణాన ఏం జరుగుతుందో చెప్పలేం."

సుభానీ గారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుని, లోపలి గదిలోంచి ఇంకో డబ్బా తెచ్చారు. పూర్తి వాటర్‌ప్రూఫ్. లోపల నైట్రోజన్ నింపి మూసేశారు, అందుకని అద్దం లోపల ఆవిరి పట్టదు. పేరున్న కంపెనీ కాదు, అందుకే ధర అందుబాటులో ఉంది.

"నైట్రోజనా! యూరియాలో ఉండేదే కదండీ. అయితే మనదే," అన్నాడు వీరబాబు. అని, పక్కనున్న టీకొట్టు నుంచి బకెట్టు నీళ్ళు తెచ్చి కొట్టు మధ్యలో పెట్టాడు.

"బాబూ, వద్దు!"

"డబ్బా మీద మీ కంపెనీవాళ్ళే రాశారుగా, నీళ్ళలో మునిగినా ఏం కాదని. రాసినదాన్ని మనం నమ్మకపోతే వాళ్ళు బాధపడరూ?"

సుభానీ గారు కళ్ళు మూసుకున్నారు. టీ తాగుతున్నవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో మూగారు. బైనాక్యులర్స్ బకెట్టు అడుగున కూర్చుంది. ఒక్క బుడగ రాలేదు. వీరబాబు తీసి, ఈసారి కొట్టులో ఇచ్చిన మెత్తటి గుడ్డతో తుడిచాడు. తన తువ్వాలు జోలికి పోలేదు.

సౌజన్య కళ్ళజోడు తియ్యకుండానే గుమ్మంలోంచి కరెంటు స్తంభం మీది పావురాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"మెడ మీద ఆకుపచ్చ మెరుస్తోందండీ," అంది. "ఇదే."

వచ్చేటప్పుడు బస్సులో ఆమె డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా నాన్న గుంటమగ్గంలో కూర్చుంటే పొద్దంతా మూర దూరంలోనే చూపు. దారం, దారం, దారం. నన్ను చదివించింది ఆ చూపే. అందుకేనేమో, నాకు దూరంగా ఉన్నవి చూడటమంటే పిచ్చి."

వీరబాబు కూడా ఆ డబ్బా మీద చెయ్యి వేశాడు. "ఒకసారి ఆయన్ని కూడా కొండమీదకి తీసుకొద్దామండీ. ఇందులోంచి చూస్తారు," అన్నాడు.

సౌజన్య కిటికీ వైపు తిప్పిన మొహం మళ్ళీ ఇటు తిప్పలేదు. అయితే వినుకొండ వచ్చేదాకా డబ్బా మీద ఆమె చెయ్యి పక్కనే వీరబాబు చెయ్యి ఉన్నా, జరగమని అనలేదు.

ఆదివారం ఆకాశం తేటగానే ఉంది. పిల్లలకు పులిహోర చేసి రాజేశ్వరి కూడా బయల్దేరింది. ఆమె, సౌజన్య ముందు. గిన్నెలు మోస్తూ వీరబాబు వెనక. దారిలో అమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే 'చీరాల' అన్న మాట ఒకటి గాలికి వినిపించింది. చీరల బేరం కాబోలు అనుకున్నాడు.

కొండ మీదకు చేరి పులిహోర గిన్నెలు దించారో లేదో, మబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. వాన దబదబా కురిసింది. పిల్లలు ఫోన్లు కవర్లలో చుట్టుకుని రాతిచరియ కిందకు పరుగెత్తారు. జోసఫ్ గారు చేతిరుమాలు నెత్తిన వేసుకుని, "ఇక దిగుదామా, మేడమ్?" అన్నారు.

"ఒక్క నిమిషం సార్." సౌజన్య వానలోనే నిలబడి చూస్తోంది. "ఇటు రండి. ఆ బండ అంచున."

జోసఫ్ గారు అయిష్టంగా వచ్చి, అయిష్టంగానే కళ్ళకు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎంతకీ ఇవ్వలేదు. బండ మీద డేగ ఒకటి తడిసిన రెక్కలు బార్లా చాపుకుని వానలోకి మొహమెత్తి కూర్చుంది.

"దాని కన్ను కనపడుతోందమ్మా! పసుపు కన్ను! మనల్నే చూస్తోంది!"

పిల్లలందరూ వరస కట్టారు. నీళ్ళోడుతున్న బైనాక్యులర్స్ చేతులు మారుతూనే ఉంది. ఒక్కసారి కూడా లోపల మసకబారలేదు. అందరూ చూశాక జోసఫ్ గారు ఇంకోసారి చూసి, "వచ్చే ఏడాది ఇలాంటివి ఇంకో రెండు జతలు తెప్పిద్దాం. మీరే దగ్గరుండి ఎంచండి మేడమ్," అన్నారు.

సౌజన్య వీరబాబు వైపు చూసింది. ఆ చూపు ఉన్నాక థాంక్స్ అన్న మాట చెప్పాల్సిన పని లేదు.

కానీ వీరబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. రాజేశ్వరి గుండె మీద చెయ్యేసుకుని కిందకి చూస్తోంది. "ఒరేయ్, కల్లం! కాయంతా పరిచే ఉందిరా!"

ఏడాది పంట. తడిస్తే బూజే. సౌజన్య పరుగున వచ్చి బైనాక్యులర్స్ అతని చేతిలో పెట్టింది. "చూడండి. ముందు చూడండి."

చూశాడు. కొండకింద ఎర్రటి మడులు. వాటి మధ్య మనుషులు పరుగెడుతున్నారు. నీలం పట్టాలు లాగుతున్నారు. పక్క కల్లం సలీం మామ లుంగీ ఎగ్గట్టి, పట్టా చివర్ల మీద రాళ్ళు పెడుతున్నాడు.

"అమ్మా, మన కాయ కప్పేశారే! సలీం మామ!" వీరబాబు బైనాక్యులర్స్ పక్క కల్లం వైపు తిప్పాడు. "ఆయనది ఇంకా సగం బయటే ఉందమ్మా. ముందు మనది కప్పాడు."

రాజేశ్వరి కూడా చూసింది. కళ్ళ మీద నుంచి తియ్యకుండానే ఒక చేత్తో కొండ మీద నుంచి కిందకి దణ్ణం పెట్టింది. "చల్లగా ఉండు సలీమూ. నీ పిల్లలు చల్లగా ఉండాలి." వెంటనే ఎవరికో ఫోను చేసి, మన కూలీలని కూడా సలీం కల్లానికి పొమ్మని కేకలేసింది.

వాన వెలిసింది. రాజేశ్వరి మళ్ళీ బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుంది. ఊరు, చెరువుకట్ట, పత్తిచేలు, తన ఇల్లు, ఒక్కొక్కటే చూసుకుంటోంది. "పెళ్ళై వచ్చిన కాణ్ణుంచీ కింద నుంచి కొండని చూడ్డమేగానీ, మన ఊరు ఇంత బావుంటదని తెలియదురా," అంది.

ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాడు వీరబాబు. నాలుగడుగుల దూరంలో సౌజన్య ఒంగి, తడిసిన చున్నీ అవసరానికి మించి పిండుతోంది.

"అమ్మా, ఒక మాట."

"ఊఁ."

"సౌజన్య గారంటే నాకు ఇష్టమమ్మా. నువ్వు సరేనంటే, వాళ్ళ నాన్నగారితో నువ్వే ఒకసారి మాట్లాడితే, ఆ తర్వాత ఆవిణ్ణి అడుగుదామని."

రాజేశ్వరి బైనాక్యులర్స్ దించలేదు.

"పొద్దున కొండెక్కేటప్పుడే ఆ పిల్ల నన్నడిగింది. నేను సరేనన్నా. వాళ్ళ నాన్నతో ఫోనులో మాట్లాడటం కూడా అయింది. మధ్యలో నిన్నెవరడిగార్రా?"