రాజుగారి చెరువులో తొంభై తొమ్మిది శాతం

గోళం మూడోసారి చెరువులో మునిగి తేలింది. గట్టు మీద రామభద్రరాజుగారికి కాలు ఒకచోట నిలవడం లేదు. పక్క చెరువులో పొద్దున్నే కొత్తరకం తెల్లమచ్చ తెగులు కనబడింది. అది సోకితే రొయ్య ఒక పూట కూడా ఆగదు. ఈలోపే పట్టేద్దామంటే, సగటు ఇరవై గ్రాములు దాటని సరుకును ఎగుమతి ఓడ ముట్టదు. పోయిన పంటలో తొందరపడి, లారీలు వెనక్కి తెప్పించుకున్న మనిషాయన.

ఆ కాలానికి రొయ్యల్ని పైకి తీసి తూచే బాధ పోయింది. సోనార్ గోళం నీళ్లలో తిరిగి, ఏవో ముప్పై ఆరు రొయ్యల్ని శబ్దంతోనే తూచి, చెరువు మొత్తం సగటు ఏ రెండు అంకెల మధ్య ఉంటుందో చెబుతుంది. ఎంత నమ్మకంగా చెప్పాలో మీట తిప్పి మనమే పెట్టాలి. రాజుగారు ఫ్యానైనా సరే ఆఖరి నంబరు మీదే పెట్టే రకం.

"పంతొమ్మిది పాయింట్ మూడు నుంచి ఇరవై నాలుగు పాయింట్ ఏడు," అంది గోళం.

"పంతొమ్మిదంటదేంటండి డాక్టరుగారూ!"

గోళాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి మీట చూసి నిట్టూర్చింది. "తొంభై తొమ్మిది శాతం మీద పెట్టారు. అంత గట్టిగా చెప్పమంటే అది హద్దులు దూరం జరుపుకుంటుంది." మీట ఎనభైకి తిప్పింది. హద్దులు ఇరవై పాయింట్ ఏడు, ఇరవై మూడు పాయింట్ మూడుకు వచ్చాయి.

"అవే రొయ్యలు కదండీ!"

"అవే. ఇలా వందసార్లు కొలిస్తే ఓ ఇరవైసార్లు అసలు సగటు హద్దుల బయట ఉండొచ్చు, అంతే. వల వేయించండి."

"ఆ ఇరవైలో నేనే ఉంటానండి, నా సంగతి నాకు తెలీదా? తొంభై తొమ్మిదే కావాలి, ఇరవైకి తగ్గకూడదు."

"అయితే నాలుగింతల రొయ్యల్ని తూచాలి. అప్పుడు వెడల్పు సగమవుతుంది. సాయంత్రం దాకా పడుతుంది రాజుగారూ, వద్దు."

"పట్టనివ్వండి."

వల పట్టే మనుషులు గట్టు మీద కూర్చున్నారు. రాజుగారు మాత్రం ఒక్క క్షణం కూర్చోలేదు.

సాయంత్రం గోళం తేలింది. "తొంభై తొమ్మిది శాతం. ఇరవై పాయింట్ ఏడు నుంచి ఇరవై మూడు పాయింట్ మూడు."

పొద్దున చెప్పిన అంకెలే. అయినా రాజుగారి ముఖం వెలిగింది. "వల!" అని అరిచారు. ఎవరూ లేవలేదు. అందరూ నీటి అంచునే చూస్తున్నారు. రొయ్యలు ఎర్రబడి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి.

తెగులుతో చచ్చిన సరుకును ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టి, తూచి పూడ్చాలన్నది రూలు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ పని పూర్తయింది.

"సగటు ఇరవై రెండు గ్రాములు," అంది హైమవతి మెల్లగా.

రాజుగారు గోతిలోకి చూస్తూ అడిగారు. "ఇది ఎంత శాతం నమ్మకమండి?"

"నూటికి నూరు, రాజుగారూ."