రెండిళ్ల పిల్లి

పశువుల డాక్టరు ఛాయాదేవి క్లినిక్కు వచ్చేదాకా ఆటోలో ఇద్దరూ కొట్లాడుకుంటూనే వచ్చారు. సహన ఒడిలో పిల్లి వాంతి చేసుకుంటోంది.

"ఇది మా కెంపు" అంది సహన.

"మేస్త్రీ అని పిలిస్తేనే పలుకుతాది. మాది" అన్నాడు అమరనాథ్.

వర్తూరులో ఇద్దరిదీ ఒకే బిల్డింగు. ఆమె తండ్రితో మేడ మీద, అతను కింది గదిలో. పిల్లికి ఒకరు తిండి పెడుతున్నట్టు ఇంకొకరికి ఇవాళ్టిదాకా తెలియదు.

డాక్టరు పిల్లి పొట్ట తడిమింది. "నిన్నట్నుంచి యూరిన్ పోసిందా?"

"కిందెక్కడో పోసుంటాదనుకొంటి" అంది సహన.

"నేను పైనెక్కడో అనుకొంటి."

"మూత్రసంచి ఖాళీగా ఉంది. అడ్డుపడి ఆగలేదు, కిడ్నీలే పని మానుతున్నాయి." రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. "ఏం తిన్నది? ఎలుకల మందా, మాత్రలా, పూలా?"

అమరనాథ్ తల వంచుకున్నాడు. "లిల్లీపూలు కొరికినాది మేడమ్."

"దండల్లో కట్టేవా, బొకేలో పెట్టేవా?"

"బొకేవి."

"అవి పిల్లికి విషం. ఎప్పుడు?"

"ఒంటిగాడివి, నీకు బొకే ఎందుకప్పా?" అంది సహన.

"మొన్న సాయంత్రం మేడమ్. ఈమెకిద్దామని తెచ్చి, సగం మెట్లెక్కి ఎనక్కి వస్తి."

సహన పిల్లి వైపు తిరిగి దాని తల నిమిరింది.

సెలైన్ పెట్టారు. "మూత్రం ఎంత వస్తుందో చూసుకుంటూ ఎక్కించాలి. రాకపోతే కష్టం" అంది డాక్టరు.

బయట వాన. బెంచీ మీద కూర్చున్నారు.

"నా వల్లే" అన్నాడు.

"నీ వల్లే. కాఫీ తాగు."

మరునాటి సాయంత్రానికి పిల్లి కింద గుడ్డ తడిసింది.

"పోసినాది" అంది సహన మెల్లగా. ఆ తడి గుడ్డను ఇద్దరూ చాలాసేపు చూశారు.

ఇంటికి పంపే రోజు డాక్టరు చెప్పింది. "ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మళ్లీ రక్తం చూడాలి. అందాకా ఒక్క ఇంట్లోనే తిండి, బయట తిరగనివ్వద్దు. ఏ ఇల్లు?"

"పైనే ఉండనీ. నేనొచ్చి చూసి పోతా" అన్నాడు అమరనాథ్.

"దినామూనా?"

"దినామూ."

"మా నాయన ఎందుకని అడుగుతాడు."

"పిల్లి కోసమంటా."

సహన పిల్లిని అతని చేతుల్లో పెట్టింది.

"మా నాయనకు అబద్ధం గిట్టదు. ఉండేది ఉన్నట్టే చెప్పు."