కడిగిన జాడీ

కోమల తెల్లారుతూనే గిన్నెలన్నీ వాకిట్లో వేసుకుంది. రాత్రి తోమి బోర్లించినవే. అయినా ఒక్కోదాని వీపు మీద నల్లని పొడి. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని పక్కన క్వార్టర్లలో ఉండేవాళ్లకు ముందు గిన్నెలు, ఆ తర్వాతే చాయ్.

"అవ్వా, జాడీ ఎవలు ముట్టిండ్రు?" డాబా మీది నుంచి కూతురు నవ్యశ్రీ గొంతు.

"నీ జాడీ జోలికి నేనెందుకొస్త? గీ గిన్నెలతోనే నడుం ఇరుగుతుంది. పిల్లి గిట్ల ముట్టిందేమో."

"పిల్లి పీచు వెట్టి తోముతదా?"

నవ్యశ్రీ కరీంనగర్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం కాలనీలో కొన్ని డాబాల మీద నీళ్లు పోసిన గాజు జాడీలు పెట్టింది. గాలిలోంచి రాలే దుమ్ము అందులో చేరుతుంది. నెల తిరిగాక వడగట్టి, ఆరబెట్టి తూకం వేయాలి. వీధి చివర లింగమూర్తి ఇంటి జాడీలో నీళ్లు కషాయంలా ఉన్నాయి. గనికి అందరికన్నా దగ్గరున్న తమ జాడీ మాత్రం పెళ్లికి తోమిన బిందెలా మెరుస్తోంది. పోయిన నెలా ఇంతే. "మీ ఇంటి మీద దేవుడు గొడుగు పట్టిండా?" అని నవ్వి, మళ్లీ పెట్టమంది ప్రాజెక్టు చూసే మేడం. ఈసారీ పోతే గడువు దాటి ఏడాది పోతుంది.

మర్నాడు పొద్దు పొడవకముందే నవ్యశ్రీ డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున కూర్చుంది. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఫస్ట్ షిఫ్టుకు తయారైన తండ్రి పరశురాములు, చేతిలో కొబ్బరిపీచు. జాడీ ముందు గొంతుక్కూర్చుని, నీళ్లు పారబోసి, లోపలంతా మెల్లగా తోమి, మునుపటి గీత వరకే మళ్లీ నీళ్లు పోశాడు.

"బాపూ."

అతను వెనక్కి తిరగలేదు. "పాసినీళ్లు గద బిడ్డా. దోమలైతయని..."

"నీకు అబద్ధమాడుడు గూడ రాదు. గని మీద మాటొస్తే కొలువు జేసేకాడ ఇజ్జత్ పోతదని నా చదువు ముంచుతున్నవా?"

కేకలకు కోమల పైకి వచ్చింది. భర్త చేతిలో పీచు చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"రాకేశ్ గురించేనా?" అంది మెల్లగా.

ఆ ఇంట్లో ఎన్నేళ్లుగానో ఎవరూ పలకని పేరది. నవ్యశ్రీ తమ్ముడు. బడికి పోయే వయసులోనే ఊపిరి అందక చనిపోయాడు.

పరశురాములు అక్కడే కూలబడ్డాడు.

"డాక్టర్ జెప్పిండు. పోరన్ని గీ దుమ్ముల ఉంచకుండ్రి, చెన్నూరుల అమ్మమ్మ ఇంట్ల ఉంచుండ్రి అని. నేను డ్యూటీ దిగి వస్తుంటే గేటు కాడికి ఉరికొస్తుండె. టిఫిన్ల ఏం మిగిల్చినవ్ బాపూ అని. వాని మొఖం సూడంది నాకు బువ్వ దిగకపోతుండె. గిన్ని ఇండ్లల్ల పోరగాండ్లు బతుకుతలేరా అన్న. పంపలే." పీచును గట్టిగా పిండాడు. "నువ్వు తూకమేస్తవ్. గింత అని రాస్తవ్. గప్పుడు వాన్ని ఏది తిన్నదో తెలుస్తది. దాని నోట్లె వెట్టింది ఎవలో గూడ తెలుస్తది."

కోమల వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"నువ్వొక్కనివేనా? పంపుదామని నేను గట్టిగ అన్ననా? పక్కల కొడుకు లేకుంటే నాకు నిద్ర రాదనుకున్న. ఇద్దరం ఉంచుకున్నం."

"వాడు దగ్గుతుంటే నేను కిటికీలకు తడిచీరలు కట్టేదాన్ని, యాదున్నదా బాపూ?" అంది నవ్యశ్రీ. "తెల్లారేసరికి అవి నల్లగైతుండె. ఏం జెయ్యాల్నో ఎరుక లేకపోతుండె. అందుకే గీ చదువు దీసుకున్న. నీ మీద నేరం రాసేటందుకు కాదు."

కింద డ్యూటీ బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.

"ఏడాది పోతది గద బిడ్డా," అన్నాడు చివరికి.

"పోతే పోనియ్."

పరశురాములు తువ్వాలతో ముఖం తుడుచుకుని, జాడీని రెండు చేతులా జరిపి, గనివైపు గాలి నేరుగా తగిలేచోట పెట్టాడు. ఆ రోజు నుంచి దాని వంక చూసేవాడే తప్ప ముట్టలేదు. రోజురోజుకూ నీళ్లు నల్లబడుతుంటే అతని మాట తగ్గిపోయింది. కోమల మాత్రం ఎవరూ అడగకుండానే కొడుకు ఫొటోను పెట్టెలోంచి తీసి గోడకు తగిలించింది. రోజూ పొద్దున గిన్నెలతో పాటు ఆ అద్దాన్నీ తుడిచేది.

నెల తిరిగిన నాడు పరశురాములు జాడీకి మూత బిగించి, తనే కరీంనగర్ బస్సు దాకా మోసుకొచ్చాడు. నవ్యశ్రీ కిటికీ పక్కన కూర్చుని చేతులు చాపింది. వెంటనే ఇవ్వలేకపోయాడు. బస్సు కదలబోతుంటే ఆమె ఒడిలో పెట్టాడు.

"ఎంతుందో నాకు గూడ జెప్పు," అన్నాడు. "తక్కువ జేసి జెప్పకు."