జుమ్మా రోజు వెళ్లని మెయిల్

వికారాబాద్ స్టేషన్ బయటి టీ కొట్టులో పద్మారాణి రెండో టీ చెప్పబోతుండగా, పక్క బల్ల మీద కందుల సంచీ దించిన పెద్దమనిషి ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"పప్పు ఉడికిందా?"

"ఇంకా పలుకుంది."

కోడ్ కుదిరింది. తలపాగా, మాసిన పంచె, భుజాన తువ్వాల. కందుల వ్యాపారి వేషంలో ఉన్నది ఆమె పనిచేసే గూఢచార విభాగం ఎస్-వింగ్ చీఫ్ రాజేందర్. వేషం దివ్యంగా ఉంది గానీ మణికట్టు మీది స్మార్ట్ వాచీ తీయడం మరిచిపోయాడు. పద్మారాణి కళ్లతోనే అది చూపించింది. ఆయన తువ్వాల కిందికి లాక్కుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

వికారాబాద్ అడవిలో రక్షణశాఖ ఒక కమ్యూనికేషన్ కేంద్రం కడుతోంది. కంట్రోల్ రూములో నేల పరిచే పని నడుస్తోంది. బండలు పంపేది తాండూరులో చిన్న పాలిషింగ్ యూనిట్ నడిపే షబ్బీర్. ఆ గేటు దగ్గర జామర్లున్నాయి, ఏ ఫోనూ పలకదు. షబ్బీర్ రోజూ ఈమెయిల్‌లో పంపే లారీ నంబరుకే గేటు తెరుస్తారు. రెండు మెయిళ్లు వస్తే చివరిదే చెల్లుతుంది. నిన్న సరిగ్గా అదే జరిగింది. రెండో మెయిల్లో రాసిన లారీ మాత్రం రానేలేదు.

"అది రిహార్సల్," అన్నాడు రాజేందర్. గ్రే ఫాల్కన్ అనే విదేశీ ముఠా ఒక బండ అడుగున ట్రాన్స్‌మిటర్ పొదిగిందట. ఆ బండ నేలలో కలిసిపోయిందంటే ఆ గదిలో గుసగుసగా అన్న మాట కూడా సముద్రం దాటుతుంది. ఇవాళ వెళ్లేదే ఆఖరి లోడు.

"షబ్బీరే చేసిండంటరా సార్?"

"మెయిల్ ఆయన డొమైన్ పేరు మీదనే వచ్చింది. ఎస్‌పీఎఫ్ చెక్ పాస్. ముఠాల మన మనిషి ఉంది, కోడ్ నేమ్ మైనా. ఆమె గూడ ఆయన పేరే చెప్పింది. ఆయన్ను లోపలేస్తే మెయిల్ పోదు. మెయిల్ పోకుంటే లారీ లోపలికి పోదు. నువ్వు ముందుగాల పోయి సాక్ష్యం పట్టు, నేను టీమ్‌తోని వెనక వస్త."

లెక్క మరీ తిన్నగా ఉంది. మరీ తిన్నగా ఉన్న లెక్కంటే పద్మారాణికి పుట్టుకతోనే అనుమానం.

తాండూరు రైలు ధారూర్ దాటుతుంటే ఆమె కిటికీలోంచి సొంత ఊరిని కూడా పరాయిదాన్ని చూసినట్టే చూసింది. డ్యూటీలో ఉన్నప్పుడు చుట్టాలుండరు. మనసంతా ఆ మెయిల్ మీదే ఉంది. ఈమెయిల్‌లో పంపినవారి పేరుకు పూచీ ఏమీ లేదు. కవరు వెనక ఎవరి పేరు పడితే వాళ్ల పేరు రాసినంత సులువు. అందుకే డొమైన్ యజమాని, నా పేరుతో ఉత్తరం మోసే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని బహిరంగంగా రాసి పెట్టుకుంటాడు. అదే ఎస్‌పీఎఫ్. గేటు దగ్గరి సర్వర్ ఆ జాబితా చూసి పాస్ అంటుంది. జాబితాలో దొంగ పేరుంటే దొంగకు కూడా పాసే. మరి షబ్బీర్ జాబితా రాసిందెవరు? ఆమె ఫోనులో ఆ రికార్డు తెరిచి చూసింది. రెండు సర్వర్లున్నాయి. ఒకటి అందరూ వాడే మెయిల్ కంపెనీది, రెండోది ఎక్కడో సముద్రాల అవతలిది.

తాండూరులో ఆటో దిగేసరికి ఆమె కలబురగి నుంచి బండలు చూడవచ్చిన ఇంటీరియర్ డిజైనర్. కళ్లద్దాల అంచులో కెమెరా ఉంది. యూనిట్ షట్టర్ సగం దించి ఉంది, మెషీన్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. షబ్బీర్ భార్య చాంద్‌బీ కుర్చీ వేసి, "జుమ్మా గదమ్మా, నమాజుకు పోయిండు. వచ్చి తిన్నాకనే పని," అని మంచినీళ్లిచ్చింది.

షబ్బీర్ వచ్చాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ సలాం చెప్పాడు. ఆ పెద్ద వయసు మనిషి ముఖంలో కపటం వెతికితే పద్మారాణికి రాతిదుమ్మే కనిపించింది. అయినా నమ్మలేదు. కపటం తెలిసినవాళ్లు దాన్ని ముఖాన పెట్టుకు తిరగరు. మాటల్లో పెట్టి మెల్లగా లాగింది. నిన్న లిస్టు ఒక్కటే పంపానన్నాడు. రోజూ మధ్యాహ్నం తిండి కాగానే పంపుతాడట. ఇవాళ్టిది ఇంకా వెళ్లలేదు. మెయిల్, డొమైన్ అన్నీ చూసేది పట్నం నుంచి వచ్చే నిరోషా అనే అమ్మాయట.

"చిచ్చా అని పిలుస్తది. మా ఇంట్ల బిడ్డ లెక్కనే. డొమైన్ గూడ దాని అకౌంట్లనే ఉంది. నాకు గవన్ని యాడ తెలుస్తయి?"

"పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోలేదా?"

"ఇంట్ల అన్నం తిన్న బిడ్డను తాళంచెవి వాపస్ ఇయ్యమని ఎట్ల అడుగుత?"

చీఫ్ చెప్పిన మైనా ఈ నిరోషాయేనని, ఆమె ముఠాకే పనిచేస్తోందని పద్మారాణికి అప్పుడు అర్థమైంది. షబ్బీర్‌ను జైల్లో వేసి అందరూ చేతులు దులుపుకున్నాక, ఆయన పేరుతోనే మెయిల్ వెళ్తుంది. ఆ మెయిల్ ఆయన చేతుల్లో ఎప్పుడూ లేదు. చీఫ్‌కు ఫోన్ చేస్తే కబురు ముందు మైనాకు చేరుతుంది. గేటుకు ఫోన్ కలవదు. పోదామంటే లారీయే ముందు చేరుతుంది.

ఆమె కళ్లద్దాలు తీసి, ఐడీ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. షబ్బీర్ పాలిష్ చేసిన బండల మీద కూలబడ్డాడు.

"మా నాయిన గీ తాండూరుల బండలు మోసి పేరు తెచ్చుకున్నడు. దేశద్రోహి అంటే మా పోరలు గీ బజార్ల ఎట్ల తిరగాలె, అమ్మా?"

ఆమెకు ఆయన మీద జాలేసింది. ఉద్యోగంలోకి వచ్చాక అనుమానితుడి మీద జాలిపడటం ఆమెకదే మొదలు.

అదృష్టం కొద్దీ డొమైన్ బిల్లు షబ్బీర్ ఫోన్ నంబరు మీదే ఉంది. అకౌంట్ రికవరీ నొక్కగానే ఓటీపీ వచ్చింది. ఆయన వెంటనే గట్టిగా చదవబోయాడు. ఆమె చెయ్యడ్డం పెట్టింది.

"నాకు చెప్పొద్దు. మీరే కొట్టుండ్రి."

అకౌంట్ తెరుచుకుంది. ఆమె జాబితాలోంచి విదేశీ సర్వర్‌ను కొట్టేసింది. డీకిమ్ కీ పెట్టింది. ఇకనుంచి షబ్బీర్ పంపే ప్రతి మెయిల్‌కూ లక్కముద్ర లాంటి సంతకం పడుతుంది. చివరగా డీమార్క్. దొంగ మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే ఆజ్ఞ అది. నిరోషా అక్కడ 'ఏమీ చేయొద్దు' అని రాసి పెట్టింది. పద్మారాణి దాన్ని 'తిప్పికొట్టు' అని మార్చి సేవ్ నొక్కింది.

అకౌంట్ చేయి మారిందన్న అలర్ట్ నిరోషాకు వెళ్లే ఉంటుంది. వెళ్లింది కూడా. షబ్బీర్ అరెస్టు కళ్లారా చూద్దామని తాండూరు లాడ్జిలోనే దిగిన ఆమె ఎర్ర కారు షట్టర్ ముందు ఆగింది. పట్టు కుర్తా, ఖరీదైన సెంటు, నవ్వు. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. మూత తీస్తే అది పిస్టల్.

"కదలకు చిచ్చా," అంది అలవాటైన ముద్దుతో. తర్వాత పద్మారాణి వైపు తిరిగింది. "రికార్డు మార్చినవా? మార్చుకో. దాని టీటీఎల్ గంట పెట్టిన. చిచ్చా మెయిల్ అందినప్పుడు గేటు సర్వర్ చూసిన పాత జాబితా గంటదాకా దానికి యాదికుంటది. లారీ గేటు దగ్గరికి వచ్చేసింది. మావోళ్లు మెయిల్ కొడుతుంటరు ఇప్పుడు."

పద్మారాణి మనసులో లెక్క వేసుకుంది. గంట. రోజూ మధ్యాహ్నం లిస్టు వెళ్తుంది, సర్వర్ అప్పుడే జాబితా చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఆ గంటలోపు దొంగ మెయిల్ కూడా పాసే. పకడ్బందీగా అల్లిన వల.

అప్పుడు ఆమె చూపు ఆగిపోయిన మెషీన్ల మీద పడింది. సగం దించిన షట్టర్ మీద, షబ్బీర్ జేబులోంచి తొంగిచూస్తున్న తెల్లటోపీ మీద పడింది.

"ఇంటి బిడ్డవు గదా నిరోషా," అంది నెమ్మదిగా. "ఇయాల ఏ వారమో యాదికి లేదా?"

నిరోషా నవ్వు సగంలో నిలిచిపోయింది.

"శుక్రవారం. చిచ్చా జుమ్మాకు పోయిండు, ఇంకా అన్నం గూడ తినలే. లిస్టు పోలే. గేటు సర్వర్‌కు యాదికుండనీకి ఇయాల దానికి ఒక్క మెయిల్ గూడ అందలే. ఇప్పుడు కొత్తగ అడుగుతది."

నిరోషా రెండో చేతిలో ఫోన్ టింగుమంది. ఆమె చూడకుండా ఉండలేకపోయింది. వాళ్ల సర్వర్ పంపిన ఎర్రటి నోటీసు: పాలసీ ప్రకారం మెయిల్ తిరస్కరించబడింది. ఆ ఒక్క చూపు చాలింది. పద్మారాణి చేతి దెబ్బకు లిప్‌స్టిక్ ఎగిరి రాతి బురదలో పడింది. చాంద్‌బీ వెనక నుంచి షట్టర్ పూర్తిగా దించేసింది.

షట్టర్ అవతల జీపులు ఆగాయి. పద్మారాణి జరిగింది చెప్పాక, షబ్బీర్‌కని తెచ్చిన బేడీలు రాజేందర్ నిరోషా చేతులకు వేశాడు. వేసేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. కాసేపటికి అడవి నుంచి చీఫ్ జీపులోని వైర్‌లెస్‌కు కబురొచ్చింది. మెయిల్‌లో నంబరు రాని లారీని గేటు దగ్గర ఆపారు. డ్రైవర్ పారిపోబోయి దొరికాడు. ఒక బండ అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది.

"పప్పు ఉడికింది సార్," అంది పద్మారాణి.

"మాడిందని రాయకు రిపోర్టుల," అన్నాడు రాజేందర్.

వెళ్లేముందు ఆమె డొమైన్‌ను షబ్బీర్ పేరు మీదికి మార్పించింది. కొత్త పాస్‌వర్డ్ ఆయన చేతనే పెట్టించి, దాన్ని ఎవ్వరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. చాంద్‌బీ బలవంతం మీద ఆమె నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంటే, షబ్బీర్ దగ్గరికొచ్చి మడిచిన కాగితం ముక్కొకటి అందించాడు.

"పాస్‌వర్డ్. నీ దగ్గర గూడ ఒకటి ఉండనీ బిడ్డా. మా ఇంట్ల అన్నం తిన్నవు గదా."