పదిహేడో పీపా

పులిసే ద్రాక్ష తొట్టి అడుగున శవమై దొరికిన ముసలాయన జేబులో కొవ్వొత్తి ఉంది. దాని వత్తి ఇంకా తెల్లగానే ఉంది.

చీఫ్ ఆ ఫొటోను బల్లమీదికి తోశాడు.

"యాక్సిడెంట్ అంటున్నారు. ద్రాక్షరసం పులిసేటప్పుడు వచ్చే వాయువుకి ఊపిరాడక పోయాడట."

ఏజెంట్ డేగ ఫొటోను దగ్గరికి లాక్కున్నాడు. ఆ ముసలాయన అతని మేనమామ. తల్లి పోయాక ఆ వైన్ పీపాల మధ్యే పెంచి పెద్దచేసిన మనిషి. 'ముందు కొవ్వొత్తి దించరా. అది ఆరిపోయిన చోట నువ్వూ ఆరిపోతావు' అని చెవి మెలేసి నేర్పిన మనిషి.

"నలభై ఏళ్ళు వెలిగించినవాడు నిన్న ఒక్కరోజు మర్చిపోయాడా? స్పృహ తప్పించి తోసేశారు సార్."

"నాకూ అదే అనుమానం. రేపు ఒంటిగంటకి ఆ వైనరీలోనే శాంతి ఒప్పందం. రెండు దేశాల నాయకులూ ఆ వైన్ తాగి సంతకాలు పెడతారు. వాళ్ళకేమైనా అయితే యుద్ధమే. అదే కావాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. లోపల మనమ్మాయి ఉంది, వైన్ టేస్టర్. కోడ్ గుర్తుంచుకో: 'పీపా ఊపిరి తీస్తోందా?'"

మర్నాడు పొద్దున పీపాల మేస్త్రీ వేషంలో, అంటించిన మీసంతో డేగ నేలమాళిగలోకి దిగాడు. చేతిలోని సుత్తి పిడిలో మైక్ ఉంది. నలుగురూ చూస్తున్నారని తొమ్మిదో పీపా ఇనుప కట్టును నాలుగు దెబ్బలు బిగించాడు.

ముత్యాల హారం, పట్టు గౌను, నవ్వితే ఎవరైనా నమ్మే ముఖం. టేస్టర్ వచ్చింది.

"పీపా ఊపిరి తీస్తోందా?"

"చెక్క పాతది, తీస్తూనే ఉంది," అందామె. "కంగారు పడకండి. అన్నీ రుచి చూశాను, క్లీన్. విందుకి పదిహేడోది తీయించాను."

ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్‌లో ఉమ్మి చూపించింది. డేగ నమ్మాడు. నమ్మి, కాపలావాళ్ళనే అనుమానిస్తూ మధ్యాహ్నం దాకా వాళ్ళ చుట్టూ తిరిగాడు.

చివరికి ఏం తోచక, మామయ్య చేసే పనే చేశాడు. బిరడాలు లాగి వేలు ముంచి చూశాడు. 'చెక్క తన కూలి తాను తాగేస్తుందిరా. నెలకి రెండు వేళ్ళు,' అనేవాడాయన. కిందటిసారి నింపి సరిగ్గా నెలైంది. పదహారు పీపాల్లో రెండేసి వేళ్ళు తగ్గింది. పదిహేడోదాంట్లోంచి ఇప్పటికే కూజాలు పట్టుకుపోయారు. కానీ దాని మీద మామయ్య రాసిన సుద్ద అక్షరాలున్నాయి: ఆయన పోయిన మొన్నటి తేదీ, పక్కన సున్నా.

తగ్గాల్సింది తగ్గలేదంటే, ఎవరో అందులో ఏదో పోశారు. మామయ్య అది కనిపెట్టాడు. కనిపెట్టి ఎవరికి చెప్పి ఉంటాడు? రుచి చూసే మనిషికే చెబుతాడు. ఆ మనిషి దేన్నీ మింగదు, ఉమ్మేస్తుంది.

పన్నెండు యాభై ఎనిమిది. డేగ రెండేసి మెట్లు ఎక్కాడు. అడ్డొచ్చిన గార్డు సుత్తి దెబ్బకి కూలబడ్డాడు. హాల్లో గ్లాసులు పెదాల దాకా వెళ్ళాయి.

"ఆగండి! ముందు టేస్టర్ గారు తాగుతారు."

తుపాకులు అతని వైపు తిరిగాయి. ఆమె చెక్కుచెదరకుండా నవ్వి ఒక గుక్క తీసుకుంది. అలవాటుగా పక్కకి చూసింది. బకెట్ డేగ కాలి వెనక ఉంది.

"మింగండి," అన్నాడు.

ఆమె బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. హాలంతా ఎదురుచూస్తోంది. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఒప్పందం పరిచిన తెల్లటి గుడ్డ మీద ఆమె భళ్ళున ఉమ్మేసింది.

సంకెళ్ళు వేస్తుంటే డేగ ఒక్కటే అడిగాడు: "మా మామయ్య నీకేం చెప్పాడు?"

"'ఇదెందుకమ్మా నిండుగా ఉంది?' అన్నాడు. నన్నే అడిగాడు, పిచ్చి ముసలాడు."

సంతకాలు మంచినీళ్ళతో అయ్యాయి. చీఫ్ కిందికొచ్చేసరికి డేగ మామయ్య కొవ్వొత్తి వెలిగించి తొట్టి అంచున కూర్చుని ఉన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"నీకేం కావాలో అడుగు," అన్నాడు చీఫ్.

"ఒక మంచి మేస్త్రీని పంపండి సార్. నేను బిగించిన తొమ్మిదోది కారిపోతోంది. మామయ్య ఉంటే చెవి మెలేసేవాడు."