సెర్ప్ ఓడ బాయిలర్ గది

1979 వేసవి. విశాఖ రేవులో ఒక మూలకి లాగి కట్టిన పాత ఫ్రెంచి ఓడని ముక్కలు కోస్తున్నాం. పేరు సెర్ప్. మా స్టోర్ గుమస్తా అర్జునరావుది యానాం, ఫ్రెంచి వచ్చు. అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన డిస్ట్రాయర్ యుద్ధనౌకని అతనే చెప్పాడు. యుద్ధంలో ఆవిరి గొట్టం పగిలితే, ఓడ దక్కాలని కెప్టెన్ బాయిలర్ గది తలుపు బయట్నించి మూయించాడట. లోపల బొగ్గు వేసేవాళ్లు ఉండగానే.

మేం కోత మొదలెట్టాక ఒకరోజు ఆ గదిలోనే పాత నూనెకి నిప్పంటుకుంది.

"తలుపు ముయ్యరా తవిటయ్యా! ఓడంతా పోద్ది!" కాంట్రాక్టర్ భీమశంకరరావు అరిచాడు.

లోపల పైడయ్య ఉన్నాడు. నా భార్య పోతమ్మకి అన్న. గడియ వేసింది నేనే. లోపల ఎవరూ లేరనుకున్నామని పోలీసులకి చెప్పాం. పోతమ్మకీ అదే చెప్పాను.

పైడయ్య పోయిన నెలకి, ఒక మిట్టమధ్యాహ్నం. రాగి గొట్టాలు చూడ్డానికి కాంట్రాక్టర్ లైటు పట్టుకుని ఆ గదిలోకి దిగాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల చీకటి. తుప్పు వాసన, మురిగిన ఉప్పునీటి వాసన. ఉన్నట్టుండి వేడి ఆవిరి వాసన...

టక్... టక్... బాయిలర్ లోపల్నించి.

"ఎవుడ్రా అక్కడ?" అన్నాడు కాంట్రాక్టర్.

నా చెవి పక్కన ఎవరో గుసగుసగా, "బావా... తలుపెయ్."

పైడయ్య గొంతు.

తలుపు కదిలింది. గడియ పడింది. చూసుకుంటే దాని మీద నా చెయ్యి ఉంది.

"తవిటయ్యా! తియ్యరా!" కాంట్రాక్టర్ లోపల్నించి గుద్దుతున్నాడు. గడియ లాగాను. నిజంగానే లాగాను.

"ఆగు బావా..."

ఆగాను.

బుస్సుమని చప్పుడు. కేక. తర్వాత ఏమీ లేదు.

ఈసారి ముట్టుకోగానే గడియ జారిపోయింది. కాంట్రాక్టర్ ఒళ్లంతా ఉడికిపోయి ఉంది. నేల పొడిగా ఉంది. బాయిలర్ పొట్ట వారం కిందటే కోసేశాం. అందులో చుక్క నీళ్లు లేవు.

ఓడ కోత అయిపోయి ఏడాదైంది. నిన్న పొద్దున పోతమ్మ నా మొహం చూడకుండా అడిగింది.

"నిద్దట్లో ఏ బాస మాటాడతన్నావ్ మావా? తెల్లోల్ల పేర్లు సదువుతన్నావ్. తరవాత మా అన్న పేరు. తరవాత ఆ కాంట్రాక్టరుది."

"అయ్యాక?"

"ఎవులో పిలిసినట్టు సెవొగ్గుతావ్. అయ్యాక..."

"చెప్పవే."

"'వత్తన్నాను బావా' అంతన్నావ్."