చేప పాడవకూడదు

"శీలావతి ఉందా?"

"బొచ్చే ఉందండి."

చేపల పేర్లతో పెట్టుకున్న కోడ్ సరిపోయింది. ఫోనులో చీఫ్ అచ్యుతరావు నేరుగా విషయంలోకి దిగాడు.

"మన ఏజెంట్ వెంకటసాయి ముఠాకి దొరికిపోయాడు, బెంజమిన్. కొల్లేరులోనే ఎక్కడో దాచారు. చీకటి పడితే చంపేస్తారు. ఆ ముఠా వైర్‌లెస్ మాటలన్నీ నీ సర్వర్లో ఉన్నాయి. తాడేపల్లిగూడెంలోని రెండో కాపీ పొద్దున్నే తగలబెట్టేశారు. నీ డిస్కులు పోతే మనవాడూ పోయినట్టే."

ఏజెంట్ బెంజమిన్ వేషం చేపల కమీషన్ ఏజెంటు. లుంగీ, భుజాన తువ్వాలు. ఆకివీడులో అతని ప్యాకింగ్ షెడ్డు వెనకగదిలో ఉంది సర్వర్. వెంకటసాయిని ఏ చెరువు గట్టున దాచారో ఆ మాటల్లోంచి వెతుకుతూ హార్డ్ డిస్కులు తెరిపి లేకుండా తిరుగుతున్నాయి.

ఠక్కున ఏసీ ఆగింది. జనరేటర్ పలకలేదు. ఎవరో డీజిల్ పైపు కోసేశారు. సర్వర్ ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది.

మే నెల మధ్యాహ్నం, పైన రేకుల కప్పు. డిస్కుల వేడి యాభై డిగ్రీలు దాటింది. ఒకటి ఎర్రలైటు వేసి కన్నుమూసింది. మరొకటి పోయినా సర్వర్ ఓర్చుకుంటుంది. మూడోది పోతే అంతా బూడిదే. ఆపి చల్లారనిద్దామంటే పొద్దు ఆగదు.

"ఐస్ దిమ్మలు పెడదామా?" అన్నాడు బెంజమిన్.

"చెమ్మ పట్టి షార్టయిపోద్దండీ," అంది టెక్నీషియన్ క్యాథరిన్ ఏడుపు గొంతుతో.

రెండో ఎర్రలైటు వెలిగింది. అదే క్షణంలో గుమ్మంలో సెంటు వాసన గుప్పుమంది.

స్టెల్లా! నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర, చేతిలో పిస్టల్. ముఠాలో ఉంటూ తమకు పనిచేస్తోందని డిపార్ట్‌మెంట్ ఆమెను నమ్మింది. బెంజమిన్ అంతకంటే కాస్త ఎక్కువే నమ్మాడు, వెర్రివాడు.

"కదలకండి బెంజమిన్ గారూ. మిమ్మల్ని కాల్చడం నాకిష్టం లేదండీ. దాన్ని చావనివ్వండి, చాలు."

"అన్నీ ఆపేశావన్నమాట."

"అన్నీనండి."

గోడ అవతల ఏదో గుర్రుమంటోంది. బెంజమిన్ చెవులు రిక్కించాడు. చేపల లోడుతో ఉన్న కూలింగ్ వ్యాను! దాని ఇంజిను ఇంకా తిరుగుతూనే ఉంది.

భుజాన ఉన్న తువ్వాలు ఆమె మొహాన విసిరి చెయ్యి విరిచి పట్టాడు. పిస్టల్ క్యాథరిన్ కాళ్ళ దగ్గర పడింది; ఆమె దాన్ని తీసి స్టెల్లాకి గురిపెట్టింది.

"సీమోనూ! వ్యాను వెనక్కి కొట్టి ఈ గుమ్మానికి ఆనించు!"

డ్రైవర్ సీమోను ఎందుకని అడగలేదు. వ్యాను వీపు గుమ్మానికి ఆనించి, వెనకతలుపులు బార్లా తీసి, చల్లదనం బయటికి పోకుండా లోడింగప్పుడు కట్టినట్టే చుట్టూ టార్పాలిన్ బిగించాడు. చలిగాలి గదిలోకి తన్నుకొచ్చింది. మూడో డిస్కు లైటు మిణుకుమిణుకుమంది. బెంజమిన్ చిన్నప్పుడు చర్చిలో నేర్చిన ప్రార్థనంతా గబగబా చదివేశాడు.

లైటు పచ్చబడింది. స్క్రీన్ మీద మండవల్లి దగ్గర ఒక చెరువు పేరు తేలింది. బెంజమిన్ వెంటనే దాన్ని చీఫ్‌కి ఫోనులో చెప్పాడు.

పొద్దు వాలుతుండగా చీఫ్ ఫోను చేశాడు. "బతికే ఉన్నాడయ్యా!" బెంజమిన్ తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చాడు.

తర్వాత స్టెల్లా వైపు తిరిగాడు. "అన్నీ ఆపినదానివి, వ్యానెందుకు వదిలావు?"

"లోపల చేపుందండీ," అందామె తల దించుకుని. "మాది గణపవరం. చేపల చెరువుల మీద బతికినోళ్ళం. ఎండలో చేపని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు."

"మనిషిని చంపించడానికి వచ్చిందా?"

బేడీలతో జీపెక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

"ఏవండీ, వ్యాను తలుపులు తీసి చాలాసేపయింది. కాస్త ఐస్ వేయించండి, పాడైపోద్ది."

పళ్ళు నూరుకుంటూనే బెంజమిన్ వెళ్ళి ఐస్ వేయించాడు.